మొదటి నవలతో జనంలోకి: విశాఖ రచయితకు ఒక దారి

ప్రెస్ నుంచి నవల కట్టలు ఇంటికి చేరిన రోజునే రచయితకు రెండో పని మొదలవుతుంది. పేరున్న ప్రచురణ సంస్థ వేసినా, మీరే డబ్బు పెట్టి అచ్చేసుకున్నా, తెలుగులో మొదటి నవలను పాఠకుడి దాకా మోసుకెళ్లేది చాలావరకు రాసినవాళ్లే. ఇందులో సిగ్గుపడాల్సింది ఏమీ లేదు. ఏళ్ల తరబడి కూర్చుని రాసినదాన్ని నలుగురికీ వినిపించాలనుకోవడం న్యాయమైన కోరిక. ఎక్కడ వినిపించాలి, ఎలా వినిపించాలి, పుస్తక ప్రదర్శనలకు ఎలా వెళ్లాలి అన్నవి విశాఖలో ఉండే కొత్త నవలాకారుల కోసం వరసగా చెబుతాను. నేను గట్టిగా నమ్మేది ఒకటుంది. మీ నవల గురించి వేరేవాళ్లు మాట్లాడే సభల కన్నా, మీ నవలను మీరు చదివే సభలు ఎక్కువ పెట్టుకోండి. కొత్త రచయిత పేరు ఎవరికీ తెలియదు. ఆ పేరు మీద ఎవరో కురిపించే పొగడ్త కన్నా, నవలలోని ఒక పేజీ చెవిన పడితేనే జనం పుస్తకం వైపు చెయ్యి చాపుతారు.

ముందు ఇంట్లో చేసుకోవాల్సిన పనులు

మన ఊరి గాలిలో తేమ ఎక్కువ. కట్టలు నేల మీద పెట్టి గోడకు ఆనించేస్తే ఒక్క వానాకాలంలో అట్టలు వంకర తిరుగుతాయి, పేజీలకు బూజు వాసన పడుతుంది. కింద చెక్క పలక వేసి, గోడకు జానెడు దూరంలో, పాలిథిన్ కవర్ చుట్టి పెట్టండి. అక్టోబర్, నవంబర్ తుఫాన్ల నెలలు. 2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ వచ్చినప్పుడు ఈ ఊళ్లో ఏ ఇంట్లో ఏం తడిసిపోయిందో మీకు నేను గుర్తుచేయక్కర్లేదు. కిటికీ దగ్గర మాత్రం పెట్టకండి.

తర్వాత ప్రతుల లెక్క. 500 వేశారనుకుందాం. సమీక్షలకు ఓ 30, గ్రంథాలయాలకు 20, వక్తలకూ సాయం చేసినవాళ్లకూ 30 పక్కన పెట్టండి. మిగిలినవన్నీ అమ్మడానికే. ఈ గీత మొదటిరోజే గీసుకోకపోతే బంధువులకీ స్నేహితులకీ పంచుతూ పోతారు, జనవరికి చేతిలో పుస్తకం ఉండదు. మన దగ్గర మనుషులు రచయిత చేతి నుంచి పుస్తకం ఉచితంగా తీసుకోవడానికి అలవాటు పడ్డారు. "కొనుక్కుని చదవండి, సంతోషిస్తాను" అని నవ్వుతూ చెప్పండి. మీరంటే ఇష్టం ఉన్నవాళ్లు కొంటారు.

సొంతంగా ప్రచురించుకుంటే చట్టం దృష్టిలో ప్రచురణకర్త మీరే. 1954 నాటి చట్టం ప్రకారం, పుస్తకం వెలువడిన 30 రోజుల్లోగా కోల్‌కతా జాతీయ గ్రంథాలయానికి, చెన్నై కన్నెమరా గ్రంథాలయానికి, ముంబయి సెంట్రల్ లైబ్రరీకి, ఢిల్లీ పబ్లిక్ లైబ్రరీకి ఒక్కో ప్రతి పంపాలి. పుస్తకాన్ని గుర్తించే ఐఎస్‌బీఎన్ నంబర్ మన దేశంలో ఉచితంగానే ఇస్తారు, అచ్చుకు వెళ్లకముందే తీసుకోండి. రెండో పేజీలో "ప్రతులకు" అన్న చోట రోజూ పనిచేసే ఫోన్ నంబర్ ఉండాలి. చదివినవాళ్లు మీకు ఫోన్ చేసేదీ, ఇంకో ప్రతి కావాలని అడిగేదీ ఆ నంబర్‌కే.

ఏ పేజీలు చదవాలి

అన్నిటికన్నా ఎక్కువ టైమ్ దీనికే ఇవ్వండి. హాలు బుక్ చేసే ముందే, ఆహ్వాన కార్డు కొట్టించే ముందే ఇది తేలిపోవాలి.

అందరికీ మొదటి అధ్యాయం చదవాలనిపిస్తుంది. వద్దు. మొదటి అధ్యాయం ఒంటరిగా కూర్చుని చదువుకునేవాళ్ల కోసం రాసినది. మనుషుల్ని ఒక్కొక్కరినీ పరిచయం చేస్తూ, ఊరిని చూపిస్తూ నెమ్మదిగా నడుస్తుంది. సభలో వింటున్నవాళ్లకు వెనక్కి తిప్పి చూసుకోవడానికి పేజీ ఉండదు. మూడో పేరు వచ్చేసరికి మొదటి పేరు మరిచిపోతారు. అందుకని ఇద్దరు మనుషులు, ఒక చోటు, వాళ్ల మధ్య తేలని ఒక విషయం ఉన్న ఘట్టం వెతకండి. మాటలు ఎక్కువ, వర్ణన తక్కువ ఉంటే మేలు.

ఉదాహరణకు మీ నవల స్టీల్ ప్లాంట్‌కు భూమి పోయిన ఒక కుటుంబం గురించి అనుకుందాం. భూసేకరణ, ఉద్యమం, కొత్త కాలనీ, అన్నీ అందులో ఉంటాయి. సభలో చదవాల్సింది అవి కాదు. ఇంట్లో ఒక్కటే ఆర్ కార్డు (భూమి పోయినవాళ్లకు ఇచ్చిన పునరావాస కార్డు) ఉంది, దాని మీద ఉద్యోగానికి అన్న వెళ్లాలా తమ్ముడు వెళ్లాలా అని వాళ్లు రాత్రి భోజనాల దగ్గర మాట్లాడుకునే ఘట్టం చదవండి. భూమి పోవడం ఎలాంటిదో ఆ మాటల్లోనే తెలిసిపోతుంది. చదివే ముందు మీరు చెప్పాల్సింది రెండు వాక్యాలే: వీళ్లిద్దరూ అన్నదమ్ములు, ఇది అగనంపూడిలో కొత్తగా కట్టుకున్న ఇల్లు. నవల కథంతా ముందే చెప్పేస్తే ఇక పుస్తకం కొనడానికి కారణం మిగలదు.

ఇలాంటివి మూడు సిద్ధం చేసుకోండి: మూడు నిమిషాలది ఒకటి, ఎనిమిది నిమిషాలది ఒకటి, పదిహేను నిమిషాలది ఒకటి. మూడు నిమిషాలది ఎవరో పెట్టుకున్న సభలో "మీరూ ఓ రెండు ముక్కలు చెప్పండి" అన్నప్పుడు పనికొస్తుంది. ఎనిమిది నిమిషాలది ఆవిష్కరణకు, పదిహేనుది మీ ఒక్కరి కోసమే పెట్టిన చిన్న సభకు. నవలలు మామూలుగా వచ్చే డెమ్మీ సైజు పేజీ ఒకటి సభలో చదివే వేగంతో రెండు నిమిషాల దాకా పడుతుంది. ఫోన్‌లో టైమర్ పెట్టుకుని కొలవండి. ఇంట్లో చదివినదాని కన్నా సభలో అందరం వేగం పెంచేస్తాం, టెన్షన్ వల్ల. ఆ సంగతి తెలిసుంటే నెమ్మదిగా మొదలుపెట్టగలుగుతారు.

పుస్తకంలోంచి చూసి చదవకండి. ఆ భాగాన్ని పెద్ద అక్షరాల్లో, 18 పాయింట్‌లో, వరసల మధ్య ఖాళీ వదిలి విడి కాగితాల మీద ప్రింట్ తీసుకోండి. ఊపిరి ఎక్కడ తీసుకోవాలో పెన్సిల్‌తో గీత పెట్టండి. మన హాళ్లలో నెత్తిమీద ఫ్యాన్ లేకుండా సభ జరగదు, కాగితాలు ఎగిరిపోతాయి. పరీక్షలకు పిల్లలు పట్టుకెళ్లే క్లిప్ ఉన్న అట్ట ఒకటి కొనుక్కోండి.

చదవడానికి అనువుగా నాలుగైదు మాటలు కోసేయవచ్చు, పాపమేం లేదు. "అన్నాడు", "అంది" అన్నవి పుస్తకంలో కావాలి. గొంతులో చిన్న తేడా చూపిస్తే సభలో సగం తీసేయవచ్చు. అయితే నాటకంలా నటించకండి. గొంతు మార్చి, చేతులు తిప్పి చదివితే జనం మిమ్మల్ని చూస్తారు, కథ వినరు.

ఇక యాస. మీ పాత్రలు మన వైపు మాట మాట్లాడుతుంటే అది మీకు పెద్ద బలం. "ఏటిరా, ఆ కార్డు నీకొగ్గేసి నానెక్కడికెల్లాల?" అన్న మాట కాగితం మీద కన్నా గొంతులో ఎంతో బాగుంటుంది. గాజువాకలోనో పెద జాలరిపేటలోనో ఉన్నవాళ్లు ఆ మాట వినగానే తలెత్తి చూస్తారు. బయటి ఊరి శ్రోతల కోసం దాన్ని పుస్తక భాషలోకి మార్చకండి. మీకు ఆ యాస పుట్టుకతో రాకపోతే, వచ్చినవాళ్ల దగ్గర కూర్చుని ఆ పేజీలు చదివించుకుని వినండి. తప్పుగా పలికితే, ఆ భాష మాట్లాడే మనుషులను వెక్కిరించినట్టు వినబడుతుంది.

ఘట్టం తేలిపోయే చోటు దాకా చదవకండి. ఉద్యోగానికి ఎవరు వెళ్లారో చెప్పకుండానే ఆపి, "ధన్యవాదాలు" అని కాగితాలు మడవండి.

ఆవిష్కరణ సభ

సభ ఒకటి ఉండాలి. మీ వాళ్లందరూ ఒకచోట చేరే సందర్భం అది, వద్దనను. కాకపోతే దాన్ని చిన్నగా, బిగువుగా చేసుకోవాలి.

చోటు సంగతికి వస్తే, సాహిత్య సభలకు ఊళ్లో అందరికీ తెలిసిన చోటు ద్వారకానగర్ పౌర గ్రంథాలయం. ఆర్టీసీ కాంప్లెక్స్ దగ్గరే కాబట్టి గాజువాక, పెందుర్తి వైపు వాళ్లు, విజయనగరం నుంచి వచ్చేవాళ్లు కూడా సభ అయ్యాక బస్సు పట్టుకోగలరు. చూడటానికి గొప్పగా ఉందని దూరంగా పెద్ద ఆడిటోరియం తీసుకోకండి. నలభై మంది యాభై కుర్చీల హాల్లో కూర్చుంటే నిండుగా ఉంటుంది, ఎనిమిది వందల కుర్చీల హాల్లో వెలితిగా కనిపిస్తుంది. ఆదివారం సాయంత్రం మంచిది. సంక్రాంతి వారం, ఇంటర్ పరీక్షల రోజులు, పీఎం పాలెం స్టేడియంలో మ్యాచ్ ఉన్న రోజు వద్దు.

వక్తలు ముగ్గురు చాలు. ముగ్గురికీ నెల ముందు పుస్తకం ఇవ్వండి, వారం ముందు ఫోన్ చేసి పది నిమిషాలని స్పష్టంగా చెప్పండి. పెద్దవాళ్లకు ఆ మాట ఎలా చెప్పాలా అని మొహమాటపడితే సభ మూడు గంటలు సాగుతుంది, చివరికి "రచయిత స్పందన" వచ్చేసరికి కుర్చీలు ఖాళీ అవుతాయి. నేను చూసిన సభల్లో ఎక్కువగా జరిగే నష్టం ఇదే. నవల రాసిన మనిషికి అందరికన్నా ఆఖరున, అందరికన్నా తక్కువ టైమ్ ఇస్తాం. ఈ వరసను మార్చేయండి. పుస్తకం ఆవిష్కరించగానే మీ ఎనిమిది నిమిషాల పఠనం, తర్వాత వక్తలు. వాళ్లు ఏ నవల గురించి మాట్లాడుతున్నారో అప్పటికే శ్రోతలకు చెవిన పడి ఉంటుంది. వక్తలకూ అది నచ్చుతుంది, అడిగి చూడండి.

శాలువాలు, జ్ఞాపికల డబ్బు మిగిల్చి, వచ్చినవాళ్లకు టీ, ఉల్లి పకోడీ పెట్టండి. మనుషులు పది నిమిషాలు ఎక్కువ నిలబడతారు, ఆ పది నిమిషాల్లోనే పుస్తకాలు అమ్ముడవుతాయి. అమ్మే బల్ల తలుపు పక్కన ఉండాలి. దాని దగ్గర మీరుండకూడదు, లెక్క తెలిసిన చెల్లెలో స్నేహితుడో కూర్చోవాలి. వెల పెద్ద అక్షరాల్లో, ఫోన్ పే స్కానర్ పక్కనే, చిల్లరకు యాభై రూపాయల నోట్లు కొన్ని. మీరు సంతకాలు పెట్టే కుర్చీ కాస్త దూరంగా వేయించుకోండి.

చిన్న సభలు

పుస్తకం నిజంగా తిరిగేది ఇక్కడే. ఇరవై మంది, ఒక గది, మైక్ లేకుండా.

సందర్భాలు ఏడాది పొడవునా ఉన్నాయి. నవంబర్ 14 నుంచి 20 దాకా గ్రంథాలయ వారోత్సవాలు. ఆ వారం ప్రతి శాఖా గ్రంథాలయం కార్యక్రమం కోసం వెతుక్కుంటుంది. ఆగస్టు 29 తెలుగు భాషా దినోత్సవం, కాలేజీల తెలుగు శాఖలకు అప్పుడు వక్తలు కావాలి. ఏప్రిల్ 23 ప్రపంచ పుస్తక దినోత్సవం. జూలై 30 ఈ ఊరి వకీలు, గొప్ప కథకుడు రావిశాస్త్రి పుట్టినరోజు. సెప్టెంబర్ 21 గురజాడ జయంతి, ఆ రోజు విజయనగరంలో సాహిత్య వాతావరణం వేరేగా ఉంటుంది. శ్రీకాకుళంలో కాళీపట్నం రామారావు మాస్టారు 1997లో మొదలుపెట్టిన తెలుగు కథల గ్రంథాలయం, కథానిలయానికి ఒకసారి వెళ్లి రండి. అక్కడ పరిచయమయ్యే మనుషులు మిమ్మల్ని ఇంకో నాలుగు ఊళ్లకు పిలుస్తారు.

అడగడానికి పెద్ద ఉత్తరం అక్కర్లేదు. ఇలా చెప్పండి: "నమస్కారమండీ. నా మొదటి నవల ఈమధ్యే వచ్చింది. మీ వారోత్సవాల్లో ఒక సాయంత్రం ఇరవై నిమిషాలు చదివి వినిపించాలని ఉంది. మైక్ అవసరం లేదు, మీకు ఖర్చేమీ ఉండదు. రెండు ప్రతులు గ్రంథాలయానికి ఇస్తాను." గ్రంథాలయం వాళ్లతో ఫోన్ కన్నా ఎదురుగా వెళ్లి మాట్లాడటం మేలు. పుస్తకం చేతికిస్తే వాళ్లు అక్కడే నాలుగు పేజీలు తిప్పి చూస్తారు.

మీ నవలలో ఏ మనుషులు ఉన్నారో వాళ్ల దగ్గరికి వెళ్లండి. స్టీల్ ప్లాంట్ నవలైతే ఉక్కునగరం, అగనంపూడి, వడ్లపూడి. షిఫ్టులు చూసుకుని టైమ్ పెట్టండి. సాయంత్రం పెడితే ఎ షిఫ్ట్ దిగినవాళ్లు వస్తారు, బి షిఫ్ట్ వాళ్లు డ్యూటీలో ఉంటారు. సెలవు రోజు పొద్దున్న అందరికీ కుదరవచ్చు. అక్కడ మీరు చదివాక ఎవరో ఒకరు లేచి "అలా జరగలేదండీ, మా ఇంట్లో ఇలా జరిగింది" అంటారు. వాదించకండి. కూర్చోబెట్టి పూర్తిగా చెప్పించుకోండి. ఆ సాయంత్రానికి అదే అసలైన ఫలితం, మీ రెండో నవలకు కూడా.

బీచ్‌లో పఠనం పెడదామని ప్రతి కొత్త రచయితకూ ఆలోచన వస్తుంది. పొద్దున్న బీచ్ రోడ్డులో బళ్లు ఆపేసే టైమ్‌లో బాగుంటుందనీ అనిపిస్తుంది. గాలికి, అలల హోరుకు మూడో వరస వాళ్లకు మీ మాట వినబడదు. ఫొటో దిగడానికి వెళ్లండి, చదవడానికి మాత్రం అపార్ట్‌మెంట్ కమ్యూనిటీ హాల్ వందరెట్లు నయం.

ఆరుగురే వస్తే కుర్చీలు గుండ్రంగా వేసి, మీరూ వాళ్ల మధ్యే కూర్చుని, అనుకున్నదంతా చదవండి. "జనం రాలేదు" అన్న మాట మీ నోటి నుంచి రాకూడదు. వచ్చిన ఆరుగురినీ అది కించపరుస్తుంది.

పుస్తక ప్రదర్శనలు

తెలుగువాళ్లకు పెద్ద ప్రదర్శనలు రెండూ వెంటవెంటనే వస్తాయి. డిసెంబర్‌లో హైదరాబాద్, జనవరి మొదట్లో విజయవాడ. విజయవాడది 1989 నుంచి జరుగుతోంది, సంక్రాంతికి ముందే ముగుస్తుంది. అందుకని నవల నవంబర్ చివరికల్లా చేతికొచ్చేలా ప్రెస్‌తో మాట్లాడుకోండి. ఫిబ్రవరిలో వచ్చిన పుస్తకం మళ్లీ పెద్ద ప్రదర్శన చూడాలంటే పది నెలలు ఆగాలి. విశాఖలో ప్రదర్శన పెట్టినప్పుడు మాత్రం వదలకండి, ఇంటి దగ్గర అన్ని రోజులూ స్టాల్‌లో ఉండగలరు.

ఒక్క పుస్తకంతో సొంత స్టాల్ తీసుకుంటే అద్దె కూడా రాదు. ప్రచురణకర్తల స్టాల్‌లో చోటు అడగండి, లేదా మీలాంటి రచయితలు నలుగురైదుగురు కలిసి ఒకటి తీసుకోండి. కమీషన్ ఎంత, అమ్ముడుపోనివి ఎవరు తిరిగి పంపాలి, డబ్బు ఎప్పుడు ఇస్తారు అన్నవి ముందే కాగితం మీద రాసుకోండి. ప్రదర్శనలో కొనేవాళ్లు కనీసం 10 శాతం తగ్గింపు ఆశిస్తారు, వెల వేసేటప్పుడే ఆ లెక్క చూసుకోవాలి. పుస్తకాల షాపులకు ఇచ్చేటప్పుడు తగ్గింపు ఇంకా ఎక్కువ, 30 నుంచి 40 శాతం దాకా అడుగుతారు. షాపులో ఇచ్చిన ప్రతి కట్టకూ చలాన్ మీద సంతకం తీసుకుని, మూడు నెలలకోసారి వెళ్లి లెక్క చూసుకోండి.

రవాణా లెక్క సులువు. 200 పేజీల డెమ్మీ నవల పావు కిలో వరకు తూగుతుంది, వంద ప్రతులంటే దగ్గర దగ్గర 25 కిలోలు. స్లీపర్ టికెట్ మీద 40 కిలోల సామాను ఉచితం. అంతకు మించితే కాంప్లెక్స్‌లో ఆర్టీసీ కార్గోకి వేసేయండి.

స్టాల్‌లో నిలబడటం కూడా నేర్చుకోవాల్సిన పనే. మనిషి పుస్తకం చేతిలోకి తీసుకోగానే మీద పడకండి. వెనక అట్ట చదవనివ్వండి. తలెత్తి చూసినప్పుడు రెండు వాక్యాలు: "స్టీల్ ప్లాంట్‌కి భూమి పోయిన ఇంట్లో అన్నదమ్ముల కథండీ. ఉద్యోగం ఒక్కరికే వస్తుంది." అంతే, ఆగండి. ఆసక్తి కనిపిస్తే "ఒక పేజీ వినిపించనా?" అని అడగండి. మధ్యాహ్నం పూట జనం పలచగా ఉన్నప్పుడు ఇది బాగా కుదురుతుంది. ఇద్దరికి చదవడం మొదలుపెడితే పక్క స్టాల్ దగ్గరి వాళ్లు కూడా ఆగుతారు. ప్రదర్శన ఆవరణలో వేదిక ఉంటుంది, దానిపై అరగంట టైమ్ కోసం నిర్వాహకులకు నెల ముందే రాయండి.

పత్రికలు, తపాలా

సమీక్షకు రెండేసి ప్రతులు పంపడం మన పద్ధతి. ఒక పేజీ మించని ఉత్తరం జతచేయండి. ఆంధ్రజ్యోతి సాహిత్య పేజీ "వివిధ" సోమవారం వస్తుంది, సభ వివరాలు అంతకు వారం ముందే చేరాలి. జిల్లా ఎడిషన్‌లో నగరంలో జరిగే కార్యక్రమాల చిన్న కాలమ్ ఉంటుంది, సీనియర్ పాఠకులు చాలామంది అది చూసే సభలకు వస్తారు. సిరిపురంలో ఆకాశవాణి విశాఖ కేంద్రం ఉంది, సాహిత్య కార్యక్రమాల విభాగానికి ఒక ప్రతి మీ చేత్తో ఇచ్చి రండి.

విడి ప్రతులు పంపడానికి తపాలా శాఖ 2025 మే 1 నుంచి జ్ఞాన్ పోస్ట్ తెచ్చింది. 300 గ్రాముల దాకా 20 రూపాయలు, 5 కిలోల దాకా 100, పన్ను అదనం. ఏ పుస్తకాలు దీని కిందికి వస్తాయో నిబంధనలున్నాయి, మీ ప్రతిని కౌంటర్‌లో చూపించి అడగండి.

ప్రతి సభ తర్వాత అదే రాత్రి ఒక నోట్‌బుక్‌లో రాసుకోండి: ఎక్కడ, ఎంతమంది, ఏ భాగం చదివారు, ఎన్ని అమ్ముడయ్యాయి, ఎవరు ఏం అడిగారు. కొన్నవాళ్లలో నంబర్ ఇచ్చినవాళ్లకు నెల తర్వాత ఒక మెసేజ్ పెట్టండి, "చదివారా" అని కాకుండా, ఫలానా ఊళ్లో ఫలానా రోజు చదువుతున్నానని. ఒక ప్రతిని అమ్మకానికి పెట్టకుండా సంచిలో ఉంచుకోండి. పైకి చదువుతున్నప్పుడు నాలుక తడబడిన వాక్యాలూ, పాఠకులు చూపించిన అచ్చుతప్పులూ దాంట్లోనే ఎర్ర పెన్నుతో గుర్తు పెడుతూ పోండి. రెండో ముద్రణ వేసే రోజున ప్రెస్‌కు ఇవ్వాల్సింది ఆ ప్రతినే.